పిల్లవాడు ఎవరి యింట పెరుగవలెను?

కోనసీమలో ఒక ఇంటి యజమాని అకాలముగా కన్ను మూసినచో ఆ ఇంటి పిల్లల భవిష్యత్తు తేలునది న్యాయస్థానములో కాదు. ప్రభుత్వ కార్యాలయములో అంతకన్న కాదు. పెద్దకర్మనాడు భోజనములు ముగిసిన పిమ్మట వీధి అరుగు మీద తేలును. తాంబూలములు చేతికి వచ్చునప్పటికి మేనమామ గొంతు సవరించుకొనును. పెదనాన్న లెక్కలు తీయును. అప్పు లెంత, కొబ్బరిచెట్లెన్ని, ఇల్లాలు అత్తవారింటనే ఉండవలెనా, పుట్టింటికి పోవలెనా, పెద్దపిల్ల ఎవరి యింట, చిన్నవాడెవరి యింట - ఇవన్నియు ఆ ఒక్క మధ్యాహ్నమున నిర్ణయమై పోవును. కొత్తపేట మొదలు రాజోలు వరకు, అమలాపురము చుట్టుప్రక్కల ఊళ్ళలోను ఈ దృశ్యము నెరుగని వారరుదు. ఆ సమయమున తల్లి లోపలి గదిలో నుండును. పిల్లలు దొడ్డిలో ఆడుకొనుచుందురు. వారిని పిలిచి అడుగువారుండరు.

ఈ ఆచారములో ఒక గొప్ప సుగుణమున్నది. బిడ్డ పరాయివాడు కాడు, మావాడేనని పదిమంది ముందుకు వచ్చుట సామాన్యమైన విషయము కాదు. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేది రాత్రి తుఫాను ఈ తీరముపై విరుచుకు పడి వెయ్యిమందికి పైగా ప్రాణములు తీసికొన్నది. సముద్రము మీదికి వేటకు పోయినవారెందరో తిరిగి రాలేదు. అటువంటి రాత్రి గడచి తెల్లవారినప్పుడు ప్రభుత్వపు చేయి అందులోపల బిడ్డకు మొదటి గంజి పోయునది చుట్టమో, పొరుగింటి ఇల్లాలో గాని మరొకరు కారు.

అట్లే ఇందులో ఒక గొప్ప లోపమును ఉన్నది. ఎవరిని గూర్చి ఆ నిర్ణయము జరుగుచున్నదో ఆ బిడ్డ మాటకు అక్కడ చోటు లేదు. కన్నతల్లి మాటకు కూడ తరచుగా చోటు లేదు. ఎక్కువ గట్టిగా మాటలాడిన వాని మాట నెగ్గును. అప్పు పెట్టినవాడు చెప్పినట్లు జరుగును. ఈ సుగుణమును నిలుపుకొని ఆ లోపమును తొలగించుకొనుట సాధ్యమేనా? ఆపదలో నున్న పిల్లల రక్షణ కార్యములో కుటుంబమునకే నిర్ణయాధికారము నిచ్చు ఒక పద్ధతిని గూర్చి నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము.

పెద్దల అరుగు ఒక వైపు చేయు తప్పును, ప్రభుత్వములు మరియొక వైపు నుండి చిరకాలము చేయుచు వచ్చినవి. అధికారి వచ్చును, విచారణ చేయును, ఇల్లు బాగుగ లేదనును, బిడ్డను వసతి గృహమునకో, పరాయి కుటుంబమునకో అప్పగించును. ఆ బిడ్డకు మేనమామలెందరు, పిన్నులెందరు, వారిలో ఎవరికి అక్కర యున్నది అని అడుగు తీరిక అతనికి ఉండదు. న్యూజిలాండు దేశములో మావోరీ జాతివారు అనుభవించినది ఇదే. వారిలో బిడ్డయనగా తలిదండ్రుల సొత్తు కాదు. తాతలు, మేనత్తలు, జ్ఞాతులు అందరును కలిసిన పెద్ద కుటుంబమునకు చెందినవాడు. ఆ పెద్ద కుటుంబమును వారు 'ఫానౌ' అందురు. ప్రభుత్వ శాఖవారు ఫానౌను లెక్క చేయక పిల్లలను ఎచ్చటెచ్చటికో పంపుచుండగా వారి మనస్సులు నొచ్చినవి. జాన్ రాంగిహావు అను మావోరీ పెద్ద అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1986లో ప్రభుత్వమునకొక నివేదిక నిచ్చినది. దాని పేరునకు మావోరీ భాషలో 'తొలివెలుగు' అని అర్థము. మా బిడ్డలను గూర్చిన నిర్ణయములు మేము లేకుండ చేయరాదని ఆ నివేదిక సారాంశము.

దాని ఫలితముగ 1989లో అచ్చట ఒక చట్టము చేసిరి. నవంబరు 1వ తేదినుండి అది అమలులోనికి వచ్చినది. బిడ్డకు రక్షణ అవసరమని తేలినచో కుటుంబ సమావేశమును జరుపవలెనని ఆ చట్టము విధించినది. ఇది మన పెద్దకర్మనాటి సభ వంటిదే. కాని నాలుగు విషయములలో భేదమున్నది. మొదట, ఒక సమన్వయకర్త ముందుగానే చుట్టములను ఒక్కొక్కరిని కలిసికొని విషయము చెప్పి రమ్మని పిలుచును. దూరముననున్నవారిని, మాటలు లేక విడిపోయినవారిని కూడ వెదకి పిలుచును. రెండవది, బిడ్డ అందులో పాల్గొనును. బిడ్డ తరపున నిలుచువారును ఉందురు. మూడవది, అధికారులు తమకు తెలిసిన నిజములను కుటుంబము ఎదుట దాచక చెప్పవలెను. ఆపైన లేచి బయటకు పోవలెను! తలుపు మూసి చుట్టములు తమలో తాము మాటలాడుకొందురు. భోజనము చేయుదురు, ఏడ్చుకొందురు, దెబ్బలాడుకొందురు, చివరకు ఒక ప్రణాళికకు వచ్చెదరు. నాలుగవది, ఆ ప్రణాళిక వలన బిడ్డకు హాని లేదని తోచినచో అధికారులు దానిని ఆమోదించి, కావలసిన సహాయము చేయవలెను.

మూడవ విషయమే దీనిలో ఆయువుపట్టు అని మా అభిప్రాయము. అధికారి గదిలో నున్నంతసేపు చుట్టములు అతనికి నచ్చు మాటలే చెప్పుదురు. ఆయన బయటకు పోయిన తరువాతనే అసలు మాటలు బయటపడును. ఈ మర్మము మన పల్లెటూళ్ళలో ఒకరు నేర్పనక్కర లేదు.

ఇక మన దేశపు సంగతి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక కూడ ఆ 1989 నవంబరులోనే వెలువడినది. తనను గూర్చిన ప్రతి విషయములోను తన అభిప్రాయము చెప్పుకొను హక్కు బిడ్డకు కలదని దాని 12వ అధికరణము. భారతదేశము 1992 డిసెంబరులో దానికి సమ్మతించినది. నేడు అమలులోనున్న 2015 నాటి బాలల న్యాయచట్టము కొన్ని మూలసూత్రములను చెప్పినది. బిడ్డ పోషణలో మొదటి బాధ్యత కుటుంబమునది. బిడ్డ మాట వినవలెను. గృహములలో చేర్చుట అన్ని దారులును మూసికొనిపోయిన తరువాతనే. రక్షణ కావలసిన బిడ్డను ఇరువదినాలుగు గంటలలో బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరు పరచవలెను. ఈ సమితిలో ఒక అధ్యక్షుడును నలుగురు సభ్యులును ఉందురు; ఒక్కరైనను స్త్రీ ఉండి తీరవలెను. పదునైదు రోజులలో సామాజిక విచారణ ముగియవలెను. నాలుగు నెలలలో తుది ఉత్తరువు రావలెను. బిడ్డతో సంప్రదించి వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికను వ్రాయవలెనని నియమములు చెప్పుచున్నవి.

చుట్టములందరు కూడి తలుపు మూసికొని ప్రణాళిక వ్రాయవలెనని మన చట్టములో నిర్బంధము లేదు. నిషేధమును లేదు. కావున విచారణకు వచ్చిన ఉద్యోగి పెద్దమనసు చేసికొని చుట్టములను పిలిచినచో ఆ పదునైదు రోజులలోనే ఈ పని జరుగగలదు. పిలువనిచో ఆయన వ్రాసిన రెండు కాగితములే బిడ్డ జాతకమగును.

కోనసీమకు ఇది మరింత అవసరమనుటకు ఒక ప్రత్యేక కారణమున్నది. ఈ లంకలనుండి, ఏటిగట్టు ఊళ్ళనుండి ఎందరో స్త్రీలు ఇంటిపనులకై కువైటు, మస్కటు, దుబాయి మొదలగు చోట్లకు పోవుచున్నారు. పదవ తరగతి ఉత్తీర్ణులు కాని స్త్రీలు ముప్పది యేండ్లు నిండనిదే గల్ఫు దేశములకు కొలువునకు పోరాదని మన ప్రభుత్వ నిబంధన. లేబ్రాయపు ఆడపిల్లల మేలు కోరి చేసిన నిబంధన యిది, కాదనము. కాని దీని మరియొక ఫలితమును చూడుడు. సక్రమమైన మార్గమున పోవు స్త్రీ ముప్పదేండ్లు దాటినది కనుక, ఆమెకు ఇంటి వద్ద బడికి పోవు ఈడు పిల్లలుండుట సర్వసాధారణము. ఆమె విమానమెక్కిన నాడే ఇక్కడ ఒక అమ్మమ్మ మరల తల్లి యగును. డబ్బు వచ్చుచునే యుండును, ఇల్లు డాబా యగుచునే యుండును. అమ్మమ్మకు మాత్రము వయసు పైబడుచుండును.

ఒక ఇంటిని ఊహింతము. రాజోలు ప్రాంతములో తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. వానకు తడిసిన చెట్టుపై నుండి జారిపడి చనిపోయినాడు. తల్లి కువైటులో నున్నది. పదమూడేండ్ల బాలిక, ఎనిమిదేండ్ల తమ్ముడు అమ్మమ్మ వద్ద నున్నారు. అమ్మమ్మకు పక్షవాతము వచ్చి మంచము పట్టినది. బాలిక బడి మానివేసినది. ఉపాధ్యాయురాలు గమనించి 1098కి ఫోను చేసినది. విచారణకు ఉద్యోగి వచ్చినాడు. అతని ఎదుట నున్న దారులు రెండే: అంబాజీపేటలోని మేనమామ బాలికను తీసికొని పోవుదుననుచున్నాడు, పిల్లవానిని వసతి గృహములో చేర్చవచ్చును. కాగితము మీద ఇది చక్కని ఏర్పాటే.

ఇప్పుడు అదే ఇంటిలో ఒక శుక్రవారము మధ్యాహ్నము సమావేశము జరిగినదనుకొందము. శుక్రవారము ఏల ననగా ఆ నాడు తల్లికి సెలవు. ఫోనులో ఆమె ముఖము చూపి గోడకు ఆనించినారు. మేనమామ వచ్చినాడు. తండ్రి వైపువారితో రాకపోకలు చెడి మూడేండ్లయినను, సమన్వయము చేయు ఉద్యోగి స్వయముగ పోయి పిలిచినాడు కనుక పెదనాన్న వచ్చినాడు. అతని వెంట చెల్లెలు, అనగా పిల్లల మేనత్త, నరసాపురము నుండి పంటు మీద వశిష్ఠను దాటి సఖినేటిపల్లి రేవులో దిగి వచ్చినది. ఉద్యోగి తాను చెప్పవలసినది చెప్పి ఉపాధ్యాయురాలితో కూడ అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

"మా ఇంటికొచ్చెయ్యమ్మా, నీకేం లోటుంటది?" అన్నాడు మేనమామ. బాలిక చాలసేపు మాటలాడలేదు. తరువాత, "తమ్ముడెక్కడుంటే నేనక్కడుంటాను మామయ్యా. బడి కూడా ఇక్కడే," అన్నది. మరల నిశ్శబ్దము. అప్పుడు మేనత్త, "అన్నయ్యా, నాకక్కడ అద్దెకొంపే కదా. నేనే వచ్చి ఈ ఇంట్లో ఉంటాను. పెద్దావిడక్కూడా ఓ ముద్ద పెట్టినట్టుంటది," అన్నది. ఆమె భర్త లేనిది, మిషను కుట్టి బ్రదుకుచున్నది. ఆ మిషనును పంటు మీద తెచ్చుకొనిన చాలును.

శ్రోతలు గమనింపవలెను. పిల్లలను ఎక్కడికి పంపవలెనా అని అధికారి ఆలోచించును. అతని పని అది. అతని చేతిలో నున్నవి పంపుటకు తగిన చోట్లు మాత్రమే. పిల్లలను కదల్చక పెద్దవారిని కదల్చవచ్చునని తోచుట చుట్టములకే సాధ్యము. ఏ దస్త్రములోను ఆ మేనత్త పేరు లేదు. ఆమె కుట్టుమిషను సంగతి ఏ ఉద్యోగికిని తెలియదు. కుటుంబము చేతికి నిర్ణయము నిచ్చుటలోని లాభము దయాదాక్షిణ్యములతో కూడినది మాత్రమే కాదు. ఆ ఇంటిని గూర్చిన జ్ఞానము అధికముగ నున్నచోటికి నిర్ణయమును చేర్చుట కూడ.

ఆపైన మిగిలినవి చిన్న విషయములు గాని చిన్నవి కావు. తన వాటా తోటలో దింపు దింపునకు వచ్చు సొమ్ములో కొంత పెదనాన్న ఇచ్చుటకు ఒప్పుకొనును. పండుగలకు పిల్లలను మేనమామ తీసికొని పోవును. బాలిక మరల బడికి పోవును. ఇవన్నియు ఒక కాగితముపై వ్రాసి సంతకములు చేయుదురు. మాట తప్పినచో ఏమి చేయవలెనో కూడ ఆ కాగితములోనే వ్రాయుట మంచిది. మన వారు దీనిని మొగమాటమునకు విడిచిపెట్టుదురు.

ఇంతవరకు వెలుగు వైపు చెప్పినాము. చీకటి వైపు చెప్పకున్నచో ఈ ప్రసంగము అపాయకరమగును. కుటుంబమనునది ఎల్లప్పుడును ఆశ్రయము కాదు. బిడ్డకు కీడు చేసినవాడు ఆ చాప మీదనే కూర్చుండి యుండవచ్చును. బిడ్డపై లైంగిక అత్యాచారము జరిగినదని తెలిసినప్పుడు పెద్దలలో పెట్టి సర్దుబాటు చేయుటకు ఎవరికిని అధికారము లేదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము దానిని పోలీసులకు తెలియజేయుట తెలిసిన ప్రతి వారికిని విధి. తెలిసియు చెప్పకుండుట శిక్షార్హమైన నేరము. పరువు పోవునను మాట అక్కడ చెల్లదు. బిడ్డ ఎక్కడ పెరుగవలెను అను ప్రశ్న కుటుంబమునది. నేరమును క్షమింపవలెనా అను ప్రశ్న కుటుంబమునది కాదు.

ఆడపిల్లల విషయములో మరియొక బేరము నడచును. "పిల్లను పెంచి మా అబ్బాయికే చేసికొందుము" అని మాట ఇచ్చి తీసికొని పోవుట మేనరికములున్న మన సీమలో కొత్త కాదు. పదునెనిమిదేండ్లు నిండనిదే ఆ పిల్లకు పెండ్లి చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరము. అంతకన్న ముఖ్యముగ, ఆశ్రయమునకు వెలగా పిల్ల జీవితమును ముందే వ్రాసికొనుట ఏ ప్రణాళికలోను ఉండరాదు.

మరియొక సూక్ష్మమైన విషయము. 2016లో సవరించిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనుటను నిషేధించినది. కాని బడి వేళలు కాని వేళలలో తన కుటుంబమునకు బిడ్డ సాయపడవచ్చునని మినహాయింపు నిచ్చినది. కుటుంబమను మాటకు ఆ చట్టము చెప్పిన అర్థములో తల్లిదండ్రులు, తోబుట్టువులే కాక మేనమామ, పిన్ని, బాబాయి, మేనత్త కూడ ఉన్నారు. అనగా పెంచుకొందుమని తీసికొని పోయిన ఇంట ఆ పిల్ల అంట్లు తోముచు, చంటిపిల్లలను ఎత్తుకొని తిరుగుచున్నచో చట్టము తొందరగ వేలు పెట్టలేదు. ఆ హద్దును కుటుంబ సమావేశములోనే గీయవలెను: ఎన్ని గంటలకు లేచును, ఎన్ని గంటలు చదువుకొనును, ఏ పని చేయును, ఏ పని చేయదు. ఇంత చిన్న సంగతులా అని నవ్వువారుందురు. ఆ పిల్ల దినమంతయు ఈ చిన్న సంగతులతోనే గడచును.

ఈ కారణముల చేతనే సమన్వయకర్త ప్రతి ఒక్కరిని, విశేషించి తల్లిని, బిడ్డను ముందుగ విడివిడిగ కలిసికొనవలెనని నిపుణులు నొక్కి చెప్పుదురు. కులపెద్దలు, పార్టీ నాయకులు చుట్టములు కారు. వారికి ఆ గదిలో పని లేదు.

ఈ పద్ధతి సర్వరోగనివారిణి అని కూడ మేము చెప్పబోము. న్యూజిలాండు నుండి ఇది ఇంగ్లండు, నెదర్లాండ్సు, స్వీడను, అమెరికా మొదలగు దేశములకు వ్యాపించినది. స్వీడనులో ఇట్టి సమావేశములు జరిగిన పిల్లలను మూడేండ్లపాటు గమనించి 2004లో ఒక అధ్యయనమును ప్రకటించిరి. అందు ఫలితములు ఆశించినంత గొప్పగా లేవు. సమావేశము జరిగిన పిల్లలను గూర్చియే మరల ఫిర్యాదులు ఎక్కువగ వచ్చినవి. అయితే ఆ ఫిర్యాదులు చుట్టముల నుండియే తరచుగ వచ్చినవని కూడ అందులోనే తేలినది. దీనిని పద్ధతి విఫలమైనదనుటకు సాక్ష్యముగ చూడవచ్చును. బిడ్డపై చుట్టముల కన్ను పడినదనుటకు సాక్ష్యముగనూ చూడవచ్చును. మేము రెండవ వైపునకు మొగ్గుదుము. కాని ఒక్క సమావేశముతో పని ముగియదనుటలో రెండు పక్షములకును భేదాభిప్రాయము లేదు.

డబ్బు సంగతి చెప్పకుండ ముగించుట మర్యాద కాదు. పేద చుట్టమునకు బిడ్డ నిచ్చి చేతులు దులుపుకొనుట కుటుంబ గౌరవము కాదు, ప్రభుత్వపు పొదుపు. మిషన్ వాత్సల్య పథకము క్రింద బంధువుల ఇండ్లలో పెరుగు అనాథ బాలలకును, వితంతువులు లేక భర్త విడిచిన తల్లుల పిల్లలకును, ఇట్టి మరికొందరికిని బిడ్డ యొక్కంటికి నెలకు 4,000 రూపాయల సహాయము కలదు. కుటుంబ వార్షికాదాయము పల్లెలలో 72,000, పట్టణములలో 96,000 రూపాయలు మించరాదు. తల్లి గల్ఫులో నున్నదను ఒక్క కారణము చేత ఇది రాదు. మేము చెప్పిన ఇంటిలో తండ్రి మరణించెను గనుక, ఆదాయపు హద్దును చూచుకొని, జిల్లా బాలల సంరక్షణ కార్యాలయమున అడుగవచ్చును. తండ్రి మరణ ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, బడినుండి చదువు ధ్రువపత్రము, ఆధారు, బ్యాంకు ఖాతా సిద్ధముగ నుంచుకొనవలెను. అంగన్‌వాడీ కార్యకర్తను గాని గ్రామ సచివాలయమును గాని అడిగినచో దారి చెప్పుదురు.

గతిలేక బిడ్డను ప్రభుత్వమునకు అప్పగింపదలచిన తల్లికి కూడ ఒక మాట. అప్పగింత పత్రముపై సంతకము చేసిన పిమ్మట మనసు మార్చుకొనుటకు చట్టము రెండు నెలల గడువు నిచ్చుచున్నది. ఈ రెండు నెలలు కేవలము ఎదురు చూచుటకు కాదు. అక్కచెల్లెండ్రను, అన్నదమ్ములను, చాలకాలముగ మాటలు లేని అత్తవారిని కూడ ఒక్కచోట చేర్చుటకు అది చాలిన వ్యవధి. ఎవరెవరిని పిలువవలెనో ఆ తల్లికే బాగుగ తెలియును. పిలుచుటకు నోరు రాదు. ఆ పిలుపు ఉద్యోగి నోట పోవలెను.

సమావేశము జరిగిన ఇండ్లలో మూడవ నెలలో మరల ఒకసారి అందరును కూర్చుండుట అవసరము. రాజోలు ప్రాంతపు ఆ ఇంటిలో ఆ రోజున విచారింపవలసినవి: దింపు సొమ్ము ముట్టినదా, మిషను పని ఆ ఊరిలో సాగుచున్నదా, అమ్మమ్మ చేయి కొంచెము కదలుచున్నదా, పిల్లవానికి లెక్కలు వచ్చుచున్నవా, కువైటులో తల్లి ఒప్పందము ఏ నెలతో తీరును, ఆమె వచ్చిన తరువాత మేనత్త ఎక్కడ నుండును. ఈ చివరి ప్రశ్నను ముందుగ బాలికయే అడుగవచ్చును.